ముఖం గిన్నె కాదు

పోయిన బుధవారం పొద్దున హామిల్టన్‌లో నేను పనిచేసే ఫార్మసీ తలుపులు తెరుస్తుంటే జేబులో ఫోన్ ఆగకుండా టింగుటింగుమంది. సార్నియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు. ఆంటీ పోయారు. నిద్రలోనే పోయారట. ఆ కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు, మళ్ళీ చేతులు. వాటి మధ్యలో రమణి గారు రాసిన నాలుగు ముక్కలు: "పాపం, చాలా మంచి మనిషి. అప్పట్లో ఏదో పిండి పెట్టి ఒక స్టూడెంట్ మొహం పాడుచేశారు గానీ, మనసు మాత్రం బంగారం."

ఒళ్ళు మండిపోయింది. రమణి గారి మీద కాదు. ఆ స్టూడెంట్‌ని నేనే. ఆ పిండి మాట పుట్టించిందీ నేనే. మనిషి పోయినా ఆ మాట పోలేదు చూడండి, శుభ్రంగా బతికే ఉంది.

ఆంటీ అన్నానే గానీ ఆవిడకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. కాలేజీ కోసం కెనడాలో సార్నియా వచ్చినప్పుడు నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఆవిడది. వాళ్ళది నరసాపురం దగ్గర ఊరు. అంకుల్ అక్కడి కెమికల్ ప్లాంటులో పనిచేసి, నేను రాకముందే పోయారు. ఆవిడ ముసలివాళ్ళు ఉండే ఓ నర్సింగ్ హోమ్‌లో వాళ్ళకు స్నానాలు చేయించే ఉద్యోగం చేసీ చేసీ, మోకాళ్ళు అరిగిపోయాక రిటైరయ్యారు. ఇంతకుమించి ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. నాకు బాగా తెలిసినవి ఆవిడ చేతులు. ఆ చేతుల నెమ్మది చూసి నేను పళ్ళు కొరుక్కోని రోజు లేదు.

ఉడికిన గుడ్డు పెంకు తీయడానికి మనకు అర నిమిషం చాలు. ఆవిడకు టీవీలో వార్తలన్నీ చదవడం అయిపోవాలి. తలుపు వేస్తే చప్పుడు రాదు, గిన్నె కింద పెడితే చప్పుడు రాదు. ఇక కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. సార్నియాలో కారు లేకపోతే కాలూ చెయ్యీ లేనట్టే. బస్సు తప్పిపోయిన రోజున ఆవిడ కారెక్కేదాన్ని, ఎక్కిన ప్రతిసారీ ఎందుకెక్కానురా దేవుడా అనుకునేదాన్ని. స్టాప్ సైన్ దగ్గర మనిషి కాదు కదా, పిల్లి కూడా లేకపోయినా బండి పూర్తిగా ఆపి, "ఒకటి, రెండు, మూడు" అని పైకే లెక్కపెట్టి, అప్పుడు కదిలించేవారు.

"ఆంటీ, క్లాసుకి లేటవుతోంది."

"క్లాసెక్కడికీ పోదే."

నిజమే, క్లాసు ఎక్కడికీ పోదు. పోయేది నా అటెండెన్స్.

ఇలాంటి మనిషి ఇంట్లోకి, రోజుకు రెండుపూటలా ముఖాన్ని తోమే నేను వెళ్ళి పడ్డాను. నాకు మొటిమలు తగ్గాయి గానీ మచ్చలు మిగిలాయి. విజయవాడ నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే తిన్నావా అని కూడా అడిగేది కాదు. "ఏంటే ఆ మచ్చలు? సున్నిపిండి రాసుకోవట్లేదా?" ఎవరో ఇటు వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో రెండు కేజీలు పంపింది కూడా. పెసలు, బియ్యం, కచ్చూరాలు, కస్తూరి పసుపు. చిన్నప్పుడు ఆదివారమొస్తే మా అమ్మమ్మ నూనె పట్టించి, నలుగు పెట్టి, మట్టి ఉండలు ఉండలుగా రాలేదాకా రుద్దేది. రాలకపోతే స్నానమే కాదు మా ఇంట్లో. ఆ ఎండకు, ఆ చెమటకు, ఆ నూనెకు అది సరిపోయింది. నేను అదే పని సార్నియాలో జనవరిలో మొదలుపెట్టాను. బయట మంచు, లోపల పగలూ రాత్రీ ఆగకుండా వేడిగాలి వదిలే ఫర్నేస్. మాట్లాడితేనే పెదవి చిట్లే పొడి గాలి. నూనె లేదు, చెమట లేదు, పిండి మాత్రం ఉంది. రెండు రోజులకు బుగ్గల మీద తెల్లగా పొట్టు లేచింది. నేను సంబరపడ్డాను, మురికి పోతోందని. ఇంకా రుద్దాను. ఇంకా లేచింది. ఇంకా రుద్దాను.

ఆంటీ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పారు.

"ఏం చేస్తున్నావే దీన్ని?"

"సున్నిపిండి ఆంటీ. చూడండి, ఎంత మురికి వస్తుందో."

"అది మురికి కాదే పిచ్చిమొద్దా. అది నువ్వే." కాసేపు అలాగే చూసి, "ఎందుకే అంత కోపం? నీ మొహం నిన్నేం చేసింది? గిన్నెనుకున్నావా తోమడానికి?" అన్నారు.

అక్కడితో నా సున్నిపిండి డబ్బా పై అంతస్తు వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు శనివారాలు మొదలయ్యాయి.

శనివారం మధ్యాహ్నం ఆంటీ ఇంటికి ఐదుగురు ఆడవాళ్ళు ముఖాలకు పిండి పూయించుకోవడానికి వచ్చేవారు. అందరూ ఊళ్ళో తెలుగువాళ్ళే. వాళ్ళకు పెద్ద రమణి గారు, వాళ్ళాయన రిటైరైన ఇంజనీరు. బేస్‌మెంట్‌లో నా గది పక్కన లాండ్రీ గది, అందులో ఫర్నేస్ దగ్గర ఒక తీగ. ఆ తీగ మీద మెత్తటి తెల్లగుడ్డలు ఆరుతుండేవి. అంకుల్ పాత పంచెలు చింపి, మరిగించి, చేతిరుమాలంత ముక్కలు చేసి అంచులు కుట్టారు ఆవిడ. ఒకరి గుడ్డ ఒకరికి పోకూడదని మూల ఒక్కో రంగు దారం. రమణి గారిది నీలం. నాకు ఆకుపచ్చ ఇచ్చారు. నాతో కలిపి ఆరు గుడ్డలు.

ఆవిడ పద్ధతి చెప్పుకుంటే ఏమీ లేదు. అదే నా ఏడుపు. ఓట్స్ మిక్సీలో మెత్తగా పట్టి, పలచటి గుడ్డలోంచి రెండుసార్లు జల్లిస్తారు. పెరుగు మీద తేరిన నీళ్ళలో కలిపి, ముందు చెవి వెనక చుక్క పెట్టి మర్నాటిదాకా ఆగమంటారు. కొత్తవాళ్ళు మొదటి శనివారం ఆ చుక్కతోనే ఇంటికి పోవాలి! రెండోసారి వస్తే ముఖానికి పలచగా పూసి, తనలో తాను ఏదో కీర్తన పాడుకుంటారు. రెండు చరణాలు అయ్యేదాకా ఉంచాలి. గడియారం చూడరు. తర్వాత గుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మణికట్టు లోపలివైపు వేడి చూసుకుని, ముఖం మీద అద్ది, తీసి, మళ్ళీ అద్ది, తీసి. అంతే. రుద్దడం లేదు. తడి ఆరకముందే కాస్త క్రీమ్. వారానికి ఒకసారి. మరీ చలి ముదిరితే రెండు వారాలకోసారి.

"ఇంకొంచెం గట్టిగా అద్దండి ఆంటీ, అస్సలు ఏమీ తెలియట్లేదు," అనేదాన్ని.

"తెలియకూడదే. తెలిసిందంటే ఎక్కువైనట్టు."

ఒకసారి విసుగెత్తి అడిగేశాను, ఎందుకింత చాదస్తం, మీరేం డాక్టరా అని. ఆవిడకు కోపం రాలేదు. గుడ్డ పిండుతూ చెప్పారు. నర్సింగ్ హోమ్‌లో చేరిన కొత్తలో ఒక పెద్దావిడకు స్నానం చేయిస్తూ, అవతల ఇంకా నలుగురు ఉన్నారన్న తొందరలో టవల్‌తో ముంజేయి గట్టిగా తుడిచారట. తోలు ఉల్లిపొరలా చేతికి వచ్చేసింది.

"అరుస్తుందనుకున్నా. అరవలేదే. సారీ అంది, నాకు! నా వల్ల నీకు పని పెరిగింది అంది. ఆ రోజు నుంచి ఎవర్నీ రుద్దలేదమ్మా నేను."

నేను విన్నాను. విని ఏం లాభం? ఇరవై రెండేళ్ళ వయసు. మచ్చలు ఇవాళే పోవాలి.

మార్చిలో నాకు ఒక ఫార్మసీలో ప్లేస్‌మెంట్‌కి, అంటే చదువులో భాగంగా చేసే శిక్షణకి, ఇంటర్వ్యూ వచ్చింది. శుక్రవారం. నేను చదివేది ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ప్లేస్‌మెంట్ లేకపోతే కోర్సు ముందుకు పోదు. కౌంటర్ వెనక నిలబడే ఉద్యోగానికి ఈ మచ్చల మొహం ఎవరికి చూపించాలి అని నా బెంగ. ఆంటీని అడిగితే, "ఇంకో ఆరు శనివారాలు పోనీయే," అన్నారు. ఆరు శనివారాలట! ఆన్‌లైన్‌లో ఒక చిన్న సీసా తెప్పించాను. ముఖానికి పూస్తే పైపొర ఊడి కొత్త చర్మం వస్తుందన్నారు. అది యాసిడ్. లేబుల్ మీద అన్నీ రాసి ఉన్నాయి: ముందు చెవి వెనక పరీక్షించండి, చెప్పిన సమయం మించొద్దు, రుద్దిన చర్మం మీద వాడొద్దు. లేబుళ్ళు చదవడమే నా చదువు. ఆ ఆదివారం ఆంటీ చర్చికి వెళ్ళగానే నేను పై వంటింట్లోంచి సున్నిపిండి డబ్బా కిందికి తెచ్చుకుని, వేడినీళ్ళ షవర్ కింద బాగా రుద్దుకుని, దాని మీద ఆ సీసా పూశాను. మండింది. మండితే పనిచేస్తున్నట్టు అనుకుని ఇంకాసేపు ఉంచాను.

ఆంటీ తిరిగొచ్చేసరికి రెండు బుగ్గలూ ఎర్రగా పచ్చిపుండ్లయ్యాయి. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. నేను భోరుమన్నాను.

"ఏం పెట్టావే?"

"ఏం లేదు ఆంటీ. సున్నిపిండే. కొంచెం ఎక్కువ రుద్దాను."

సగం నిజం. సీసా మాట నా నోట రాలేదు. ఆవిడ ఇంకేం అడగలేదు. చల్లటి నీళ్ళలో ఆకుపచ్చ దారం గుడ్డ ముంచి బుగ్గల మీద వేశారు. నీళ్ళు కారుతుంటే తీసి, మళ్ళీ ముంచి వేశారు. అపాయింట్‌మెంట్ అక్కర్లేని వాకిన్ క్లినిక్‌కి నన్ను తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ, ఏమీ పూయకండి, వాజిలిన్ తప్ప, అంది.

"ఇప్పుడేం చేయాలి ఆంటీ?"

"ఏం చేయకూడదు."

"ఏం చేయకుండా ఎలా ఆంటీ? శుక్రవారం ఇంటర్వ్యూ!"

"ఏం చేయకుండా ఉండడమే పనే ఇప్పుడు. అన్నిటికన్నా కష్టమైన పని."

శుక్రవారం ఆ మొహంతోనే వెళ్ళాను. అక్కడి మేనేజరు నా కళ్ళలోకి తప్ప గది అంతటా చూసింది. ప్లేస్‌మెంట్ రాలేదు. శనివారం కాలేజీ హాల్లో తెలుగువాళ్ళ పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. వెళ్ళకూడదు అనుకుంటూనే వెళ్ళాను, ఆకలి. పులిహోర వడ్డించుకుంటుంటే రమణి గారు అందరి ముందూ కెవ్వుమన్నారు.

"అయ్యో అయ్యో, ఆ మొహం ఏంటమ్మా! ఏమైంది?"

చుట్టూ ఇరవై మంది. మా క్లాసువాళ్ళు నలుగురు. ఫార్మసీ చదువుతూ యాసిడ్‌తో మొహం కాల్చుకున్నానని ఏ నోటితో చెప్పను? నోట్లోంచి వచ్చేసింది.

"ఆంటీ ఏదో పిండి పెట్టారండీ. పడలేదు."

ఒక్క వాక్యం. ప్లేటులో పులిహోర పెట్టుకున్నంత సులువుగా. ఆంటీ అప్పుడు హాల్లో లేరు, బయట కారు పార్క్ చేస్తున్నారు. తెలుసుగా, ఆవిడ పార్కింగ్ ఎంతసేపో.

తర్వాత శనివారం ఆంటీ ఓట్స్ జల్లించి, పెరుగు తేట తీసి, నీళ్ళు వేడిపెట్టి, ఐదు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఒకావిడకు మనవడి సాకర్. ఒకావిడకు జలుబు. రమణి గారైతే వంక కూడా చెప్పలేదు. ఆ పై వారమూ ఎవరూ రాలేదు. ఆంటీ రెండు గంటలు కూర్చుని, కుర్చీలు మడిచి, తీగ మీది గుడ్డలన్నీ తీసి ఉతకడం మొదలుపెట్టారు. నేను నా గది గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"వాడని గుడ్డలు ఎందుకు ఉతుకుతున్నారు ఆంటీ?"

"దుమ్ము పడుతుందే."

అప్పుడు చెప్పాల్సింది. పది అడుగుల దూరంలో ఉన్నారు. చెప్పలేదు. పైగా నాకు ఆవిడ మీదే చిరాకొచ్చింది. వాళ్ళెందుకు రావట్లేదో ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా! గట్టిగా నిలదీయొచ్చుగా! అలా గుడ్డలు పిండుకుంటూ కూర్చోవడమేంటి? ఆవిడ ఎవర్నైనా నిలదీస్తే నా నిజం బయటపడుతుందన్న భయం ఒకపక్క, నిలదీయట్లేదన్న కోపం ఒకపక్క. నాలాంటి దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

నా ముఖం మానింది. మచ్చలు కొన్ని పోయాయి, కొన్ని ఉన్నాయి. ఇంకోచోట ప్లేస్‌మెంట్ దొరికింది, చదువు అయింది, ఉద్యోగం హామిల్టన్‌లో వచ్చింది. పండగలకు ఫోన్ చేసుకునేవాళ్ళం. క్రిస్మస్‌కి ఆవిడా, ఉగాదికి నేనూ. పోయిన ఏడాది వేసవిలో సొంత కారు కొనుక్కుని, చూపించే వంకతో సార్నియా వెళ్ళాను. దారంతా చెప్పాల్సిన మాటలు పైకే చెప్పుకుంటూ నడిపాను. ఆవిడ తలుపు తీసి, కారు వైపు చూడనైనా చూడకుండా నా గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పారు.

"ఊఁ. రుద్దట్లేదు."

టీ తాగుతూ మొదలుపెట్టాను. "ఆంటీ, అప్పుడు నా మొహానికి..."

"సీసా సంగతా? తెలుసే."

నా చేతిలో కప్పు ఒలికింది. "ఎప్పట్నుంచి?"

"ఆ వారమే. నువ్వు చెత్తలో పడేస్తే నేను తీసి, కడిగి రీసైక్లింగ్ బ్లూ బాక్స్‌లో వేశాను. గాజు సీసా చెత్తలో వేస్తారటే ఎవరైనా?"

"మరి పాట్‌లక్‌లో నేను అన్న మాట..."

"అదీ తెలుసు. రమణి గారే చెప్పారు, తర్వాత ఫోన్ చేసి."

"మరి చెప్పలేదేం ఆంటీ? ఆ సీసా ఆవిడ మొహాన పెట్టి చూపించొచ్చుగా! నన్ను తిట్టొచ్చుగా!"

"అప్పుడు నీకు మొహమంతా పచ్చిగా ఉంది. పచ్చి మీద రుద్దుతామా?"

"మానిపోయింది కదా! తర్వాతైనా?"

"మానాక రుద్దడమెందుకే?"

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మానింది నాకు. మీకో?" అని అరిచాను. నిజంగానే అరిచాను, ఆవిడ వంటింట్లో. ఒలికిన టీ గుడ్డతో అద్దారు. రమణి గారికి ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను. "చెప్పాలనిపిస్తే చెప్పు. నా కోసమైతే వద్దు," అన్నారు. ఆ రెండో ముక్క పట్టుకుని ఏడాది వేలాడాను. ఆవిడే వద్దన్నారు కదా అని. వద్దన్నారని నాకు ఎంత హాయిగా ఉందో తలుచుకుంటే ఇప్పుడు కంపరమెత్తుతోంది.

బుధవారం ఫార్మసీ వెనకగదిలో నిలబడి గ్రూపులో రాశాను. నాలుగుసార్లు రాసి చెరిపాను. ఐదోసారి పంపించాను. "ఆ స్టూడెంట్‌ని నేనే. ఆంటీ నా ముఖం పాడుచేయలేదు. నేనే యాసిడ్ కొనుక్కుని కాల్చుకున్నాను. సిగ్గేసి ఆవిడ పేరు చెప్పాను. మానేదాకా చూసుకున్నది ఆవిడే." పంపగానే దాని కింద మళ్ళీ పువ్వులు, చేతులు. ఒకాయన నా మెసేజ్‌కి కూడా చేతులు జోడించాడు. చదివినవాడు ఒక్కడూ లేడా ఈ గ్రూపులో అని ఫోన్ విసిరికొట్టబోయాను. అప్పుడు రమణి గారు ఫోన్ చేశారు.

"నిజమా అమ్మా?"

"నిజమేనండీ."

తిడతారేమో అని చూశాను, తిట్టినా బాగుండేది. "మిగతావాళ్ళనీ శనివారాలకి రాకుండా నేనే మాన్పించాను," అని పెట్టేశారు.

శనివారం సార్నియా వెళ్ళాను. చర్చిలో కార్యక్రమం అయ్యాక అందరం ఆంటీ ఇంటికి వెళ్ళాం. పైన టీలు, మాటలు. నేను లాండ్రీ గదిలోకి దిగాను. రమణి గారు నా వెనకే మెట్లు దిగారు, రెయిలింగ్ పట్టుకుని. తీగ మీద ఆరు గుడ్డలు ఉన్నాయి. ఉతికి, మూలలు సరిచేసి, వరసగా క్లిప్పులు పెట్టి. సబ్బు వాసన ఇంకా పోలేదు. ఇన్నేళ్ళూ ప్రతి శనివారం ఉతికిందన్నమాట ఈ మహాతల్లి, దుమ్ము పడుతుందని!

రమణి గారు నీలం దారం ఉన్న గుడ్డ క్లిప్పు తీసి చేతిలోకి తీసుకున్నారు. ఆ మూల వేలితో తడిమి, ఉన్నట్టుండి దాన్ని ముఖానికేసి పరపరా రుద్దుకోవడం మొదలుపెట్టారు. కళ్ళు, బుగ్గలు, ముక్కు, చర్మం ఊడొచ్చేలా. నాకు ఒక్క క్షణం రుద్దుకోనీ అనిపించింది. ఆవిడనీ, నన్నూ, ఇద్దర్నీ అలాగే రుద్దాలి అనిపించింది.

తర్వాత నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"రుద్దకండి ఆంటీ," అన్నాను. "అద్దండి."